రక్తంలో ఇనుము, కణంలో డ్రాయింగు

(ఉక్కునగరంలో మన సంఘ సభ్యుల, కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి ఆరోగ్యం మీద పావుగంట మాట్లాడమన్నారు. "నేను డాక్టరును కానండీ, డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గీతలు గీసినవాణ్ణి" అన్నాను. "బి.పి., షుగరు గురించి డాక్టర్లు చెప్పి చెప్పి అలిసిపోయారు. మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారాయన. సరే, ఇంకేదైనా చెబుతాను. గత సంవత్సరం మా ఇంట్లో జరిగిన ఒక విషయం ఉంది. దాని కోసం 72 ఏళ్ళ వయసులో మనవడి బై.పి.సి. పుస్తకం ముందేసుకుని చదవాల్సి వచ్చింది. తెలిసినంత మేరకు మనవి చేస్తాను. తప్పులుంటే ఇక్కడున్న మాస్టార్లు దిద్దాలి.

నాకు నలభయ్యో ఏట నుంచీ హిమోగ్లోబిన్ ఎప్పుడూ 11 దాటలేదు. ఎప్పుడు చూపించుకున్నా "ఇనుము తక్కువ" అని మాత్రలు రాసేవారు. షాపులో మిత్రులు "గోదావరి ఫర్నేసు పక్కన తిరుగుతూ నీకు ఇనుము తక్కువేమిటయ్యా" అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వి మాత్రలు మింగేవాణ్ణి. ఎన్ని మింగినా ఆ అంకె కదలలేదు.

మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపినా నాలుగు గ్రాములు మించదు. ఒక చిన్న మేకు బరువు. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. హిమోగ్లోబిన్ అంటే ఎర్ర రక్త కణాల్లో ప్రాణవాయువును మోసే ప్రోటీను, మన చిన్నప్పటి పుస్తకాల్లో మాంసకృత్తి అనేవారు. ఒక్కొక్క ఎర్ర కణంలో అవి సుమారు 27 కోట్లు ఉంటాయి. ఒక్కొక్క హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, నాలుగు ఇనుప పరమాణువులు. గొలుసుల్లో రెండు ఆల్ఫా రకం, రెండు బీటా రకం. బీటా గొలుసులో 146 పూసలు. ఆ పూసలకు అమైనో ఆమ్లాలని పేరు. ప్రపంచంలో చీమకైనా, ఏనుగుకైనా, మనకైనా ప్రోటీన్లు కట్టడానికి వాడే పూసలు మాత్రం ముఖ్యంగా ఇరవై రకాలే. ఏ పూస తరువాత ఏ పూస రావాలన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఆ వరస ఎవరు చెబుతారు? డి.ఎన్.ఎ. చెబుతుంది.

మనలో పాతవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. కంప్యూటర్లు బల్లల మీదికి రాకముందు ఎన్.సి. మెషీన్లకు కాగితపు టేపు ఉండేది. అంగుళం వెడల్పు, వరసకు 8 చిల్లులకు చోటు. ఆ టేపును ఎంత తిప్పి చూసినా అందులో గేరూ కనిపించదు, షాఫ్టూ కనిపించదు. చిల్లులే కనిపిస్తాయి. మెషీను ఆ చిల్లులను ఒక్కొక్క వరసగా చదువుకుంటూ పోతే చివరకు గేరు బయటికి వస్తుంది. డి.ఎన్.ఎ. అలాంటి టేపు. చిల్లుల బదులు అందులో నాలుగు రసాయన అక్షరాలున్నాయి: ఎ, టి, జి, సి. రెండు పోగులు మెలివేసుకున్న తాడు అది. ఒక పోగులో ఎ ఉన్నచోట ఎదుటి పోగులో టి, జి ఉన్నచోట సి ఉంటుంది. అందుకే ఒక పోగు ఉంటే రెండోది తయారు చేసుకోవచ్చు. 1952లో లండనులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే ఆవిడ దగ్గర డి.ఎన్.ఎ.కు ఎక్స్-రే ఫోటో తీశారు. మనం వెల్డింగు జాయింట్లకు తీసే ఎక్స్-రే లాంటిది కాదు గాని, కిరణాలు మాత్రం అవే. ఆ ఫోటో ఆధారం చేసుకునే 1953లో వాట్సన్, క్రిక్ తాడు ఆకారం చెప్పారు. వారికి నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆవిడ బతికి లేదు.

ఒక తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక పూర్తి సెట్టులో సుమారు 310 కోట్ల అక్షరాలున్నాయి. మనకు రెండు సెట్లు. ఒక్క కణంలోని డి.ఎన్.ఎ.ను సాగదీస్తే రెండు మీటర్లు వస్తుందట. అది కంటికి కనిపించని కేంద్రకంలో చుట్టలు చుట్టుకుని ఉంటుంది. నేను లెక్కలు సరిచూసుకునే మనిషిని కనుక ఇది రెండుసార్లు చదివాను. నిజమే.

డి.ఎన్.ఎ. అంటే ఇంటి ప్లాను లాంటిదని చాలామంది చెబుతారు. డ్రాయింగు ఆఫీసు వాడిగా నాకు ఆ పోలిక సగమే నచ్చింది. ప్లానులో కిటికీ ఉన్నచోట కిటికీ బొమ్మ ఉంటుంది. డి.ఎన్.ఎ.లో ముక్కు బొమ్మ గాని, గుండె బొమ్మ గాని ఎక్కడా లేదు. కొలతలు లేవు. పూసల వరస ఒక్కటే ఉంది. గొలుసు తయారయ్యాక ఆ పూసల గుణాన్ని బట్టి దానంతటదే మడతలు పడి ఒక ఆకారానికి వస్తుంది. నీళ్ళంటే ఇష్టపడే పూసలు బయటి వైపు, ఇష్టపడనివి లోపలి వైపు సర్దుకుంటాయి. మనం అయితే ప్రతి మడతకూ ఒక డైమెన్షను వేసి, కింద సంతకం పెట్టి పంపేవాళ్ళం.

ఇక నకలు సంగతి. ఇది మాత్రం అచ్చం మన ఆఫీసే. మాస్టర్ ట్రేసింగు ఎప్పుడూ బయటికి పోదు కదా. బీరువాలో ఉంటుంది. షాపుకు అమ్మోనియా ప్రింటు పోతుంది. ఆ ప్రింటు నూనె మరకలు పడి, చిరిగి, పని అయ్యాక చెత్తబుట్టలోకి పోతుంది. కణం కూడా అంతే. డి.ఎన్.ఎ. కేంద్రకం దాటి రాదు. కావలసిన ముక్కకు మాత్రం ఆర్.ఎన్.ఎ. అనే నకలు తీసి బయటికి పంపిస్తుంది. ఆ నకలులో టి బదులు యు అనే అక్షరం వస్తుంది. పని అయ్యాక నకలు కరిగిపోతుంది. ఇంకొక చిత్రం చెబుతాను. నకలులో మధ్యమధ్య అక్కరలేని ముక్కలు కూడా వస్తాయి. వాటిని కత్తిరించి, మిగతా ముక్కలు అతికించి అప్పుడు పంపుతుంది. బీటా గొలుసు నకలులో ఇలా కత్తిరించవలసినవి రెండు చోట్ల ఉన్నాయి. ఈ కత్తిరింపు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నకలు చేరే షాపు పేరు రైబోజోమ్. అక్కడ జరిగేది అనువాదం. మన కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టినది. మొదటి రోజుల్లో రష్యన్ అక్షరాల కాగితాలు ముందుపెట్టుకుని దుబాసీ కోసం ఎదురుచూసిన వాళ్ళు ఈ హాల్లోనే కొందరున్నారు. రైబోజోమ్ దగ్గర ఉన్న చిక్కూ అదే. కాగితం నాలుగు అక్షరాల భాషలో ఉంది, కట్టవలసింది ఇరవై పూసల భాషలో. అందుకని అక్షరాలను మూడేసి చొప్పున చదువుతారు. నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు 64 వస్తాయి. అందులో 61 మాటలు ఏదో ఒక పూసకు పేర్లు, మిగిలిన మూడూ "ఇక ఆపు" అన్న ఆజ్ఞలు. దుబాసీలు ఎవరంటే, అవి ఒక రకం చిన్న ఆర్.ఎన్.ఎ.లు. ఒక కొసతో మూడక్షరాల మాట చదువుతాయి, రెండో కొసకు దానికి తగిన పూస తగిలించుకుని వస్తాయి.

ఈ నిఘంటువు పట్టుకోవడం 1961లో మొదలైంది. అమెరికాలో నైరెన్‌బర్గ్, మత్తయి అనే ఇద్దరు యు, యు, యు అని ఒకే అక్షరం ఉన్న నకలు తయారు చేసి గొట్టంలో వేస్తే, ఫినైల్ అలనిన్ అనే ఒకే పూసతో గొలుసు వచ్చింది. 1966 నాటికి 64 మాటలకూ అర్థాలు తేలాయి. అందులో పెద్ద చెయ్యి హర్ గోబింద్ ఖొరానా గారిది. ఆయన ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక పంజాబు పల్లెటూళ్ళో పట్వారీ కొడుకు, చెట్టు కింద బడిలో చదువుకున్నవాడు. 1968లో నోబెల్ వచ్చింది. రైబోజోమ్ లోపలి నిర్మాణం చెప్పినందుకు 2009లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారు.

సరే, బీటా గొలుసుకు వద్దాం. 146 పూసలు, మూడేసి అక్షరాలు, అంటే 438 అక్షరాల ఆజ్ఞ. మన 11వ క్రోమోజోములో ఉంది. ఆరో పూస దగ్గర జి, ఎ, జి అని ఉండాలి. అది గ్లుటామిక్ ఆమ్లానికి పేరు. అక్కడ మధ్య అక్షరం ఎ బదులు టి పడి జి, టి, జి అయితే అది వాలిన్ అనే వేరే పూస పేరు అవుతుంది. 438లో ఒక్క అక్షరం! గ్లుటామిక్ ఆమ్లం నీళ్ళతో పొత్తు కలిసేది, వాలిన్ నీళ్ళంటే పారిపోయేది. ప్రాణవాయువు దించేశాక ఈ వాలిన్లు పక్క హిమోగ్లోబిన్లకు అతుక్కుంటాయి. అతుక్కుని అతుక్కుని పొడుగాటి కడ్డీలవుతాయి. ఆ కడ్డీలు గుండ్రంగా ఉండవలసిన ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. కొడవళ్ళు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం ఆగినచోట భరించలేని నొప్పి. దీన్నే సికిల్ సెల్ అనీ, కొడవలి కణ రక్తహీనత అనీ అంటారు. తప్పు ప్రోటీనులోనే ఉందని 1949లో పౌలింగ్ బృందం చెప్పింది. ఆ తప్పు ఒకే ఒక్క పూస అని 1956లో కేంబ్రిడ్జిలో ఇన్‌గ్రామ్ చూపించాడు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి నాకు సంతోషంగా లేదు.

ఇక్కడ ఉద్యోగంలో చేరకముందు, 1980 ప్రాంతంలో, కొండల అడుగున ఒక నిర్మాణపు పని మీద నేను సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. ఎవరి పని అన్నది ఇక్కడ అనవసరం. కొండ మీది నుంచి దిగి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రవాడు మా ముఠాలో ఉండేవాడు. పని బాగా చేసేవాడు. అయితే నెలకు ఒకసారో రెండుసార్లో, ముఖ్యంగా చలి ఉదయాల్లో, మోకాళ్ళు పట్టుకుని ఇసుక కుప్ప మీద కూలబడేవాడు. కళ్ళు పచ్చగా ఉండేవి. "అయ్యా, ఎముకల్లో నొప్పండి" అనేవాడు. మరునాడు మామూలుగా లేచి వచ్చేవాడు. నిన్న నడవలేనివాడు ఇవాళ ఇటుకలు మోస్తుంటే నాకు అది నాటకం అనిపించింది. "దొంగ నొప్పులు" అని నలుగురిలో అన్నాను. మస్టరులో సగం రోజు కోసేశాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. సంక్రాంతికి ఊరు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. నేనూ మరిచిపోయాను.

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి స్నేహితుడైన ఒక డాక్టరుతో అరకు వైపు రక్తపరీక్షల శిబిరానికి వెళ్ళాను. కుర్చీలు సర్దడానికీ, పేర్లు రాయడానికీ ఒక మనిషి కావాలంటే వెళ్ళాను. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ఈ జబ్బు మీద ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వారిని ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. పరీక్ష చాలా తేలిక. ఒక చుక్క రక్తం మందునీళ్ళ గొట్టంలో కలిపి, గొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనబడితే ఆ హిమోగ్లోబిన్ లేనట్టు. నీళ్ళు మసకబారి గీతలు కనబడకపోతే అనుమానించి, పెద్ద పరీక్షకు పంపుతారు. ముప్పై ఏళ్ళు గీతలు గీసినవాణ్ణి, గీత కనబడకపోతే ఇంత భయం వేస్తుందని నాకు తెలియదు.

అక్కడ ఒక పిల్లవాణ్ణి తల్లి ఎత్తుకుని వచ్చింది. పన్నెండేళ్ళవాణ్ణి ఎత్తుకుని! మోకాళ్ళు పట్టుకున్నాడు, కళ్ళు పచ్చగా ఉన్నాయి. "చలికీ, నీళ్ళు సరిగా తాగకపోయినా, ఒళ్ళు బాగా అలిసినా ఈ నొప్పి వస్తుంది, తగ్గాక మామూలుగానే ఉంటారు. అందుకే చాలామంది నమ్మరు" అన్నాడు డాక్టరు. నేను చెట్టు కిందికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. నా ముఠాలోని కుర్రవాడికి ఇదే జబ్బని నేను రుజువు చేయలేను. కాని నాకు అనుమానం లేదు. కోసిన సగం రోజుల కూలి ఎవరికి తిరిగి ఇవ్వాలో కూడా నాకు తెలియదు.

ఈ తప్పు అక్షరం మన్యంలో ఎందుకు నిలిచిందో కూడా చెప్పాలి. లేకపోతే వాళ్ళ రక్తంలోనే ఏదో లోపం ఉందనుకుంటాం. డి.ఎన్.ఎ. మనకు రెండు సెట్లని చెప్పాను కదా, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. రెండింటిలోనూ ఈ తప్పు ఉంటేనే జబ్బు. ఒకదానిలోనే ఉంటే మనిషి మామూలుగా బతుకుతాడు. అంతేకాదు, ప్రమాదకరమైన మలేరియా అతన్ని తేలికగా పడగొట్టలేదు. ఆ సంగతి 1954లో ఆలిసన్ అనే ఆయన ఆఫ్రికాలో కనిపెట్టాడు. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే చూశాడు. మన్యం జ్వరం అంటే మైదానం అధికార్లు బదిలీలు మార్పించుకునే రోజుల్లో, ఆ జ్వరం మధ్య తరతరాలుగా పిల్లల్ని బతికించుకున్న వాళ్ళకు ఈ అక్షరం ఒక రకం కవచం. దాని ఖరీదు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చిన బిడ్డ కడుతున్నాడు.

ఇక నా రక్తం సంగతికి వస్తాను. శిబిరంలో కబుర్ల మధ్య నా హిమోగ్లోబిన్ 11 సంగతి చెబితే, ఆ డాక్టరు నా పాత రిపోర్టులు అడిగాడు. చూసి "మీ ఎర్ర కణాలు చిన్నవి, సంఖ్య మాత్రం ఎక్కువ. ఇనుము తక్కువైతే ఇలా ఉండదు" అన్నాడు. హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష చేయించాడు. అందులో హిమోగ్లోబిన్ ఎ2 అనేది 3.5 శాతం దాటకూడదు. నాది దాటింది. నేను బీటా తలసీమియా వాహకుణ్ణి. అదే జన్యువు. 11వ క్రోమోజోము మీది అదే బీటా గొలుసు ఆజ్ఞ. ఆ కుర్రవాడిలో పూస మారింది, నాలో ఒక సెట్టు ఆజ్ఞ గొలుసునే సరిగా కట్టలేకపోతోంది. ఇందాక కత్తిరింపు గుర్తుంచుకోమన్నాను. మన దేశంలో ఎక్కువగా కనబడే తలసీమియా తప్పు ఆ కత్తిరించే హద్దు దగ్గరే ఉంది. ఒక్క జి బదులు సి పడుతుంది. దాంతో కత్తెర తప్పు చోట పడుతుంది. నాలో ఉన్నది అదేనా, వేరేదా అని అక్షరం దాకా వెళ్ళి పరీక్షించుకోలేదు.

నాకు మాత్రలు రాసినవారిని నేను తప్పుపట్టను. రక్తం తక్కువంటే మన దేశంలో నూటికి ఎంతోమందికి ఇనుము లోపమే కారణం. మీరెవరూ ఇది విని మాత్రలు మానేయకండి, పరీక్ష చేయించుకుని డాక్టరును అడగండి.

మా అబ్బాయికి చేయిస్తే వాడికీ ఉంది. మనవడికీ ఉంది. సరిగ్గా అప్పుడే మా అక్కయ్య తన కొడుకు కూతుర్ని మా మనవడికి చేసుకోమని అడిగి ఉంది. పిల్ల బంగారం. మేనరికపు వరస. నేను "అక్కా, పిల్లకు కూడా ఒక రక్తపరీక్ష చేయిద్దాం" అన్నాను. ఆవిడ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "మా ఇంట రోగం ఉందంటావా? నువ్వూ నేనూ ఒక తల్లి కడుపున పుట్టలేదూ?" అంది. నేను "అందుకే అడుగుతున్నానే" అన్నాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

లెక్క ఇది. నాలోని తప్పు మా అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండాలి. అక్కయ్యకు అదే తప్పు వచ్చే అవకాశం సగానికి సగం. అక్కడి నుంచి కొడుక్కి సగం, మనవరాలికి సగం. అంటే ఎనిమిదింట ఒక వంతు. తక్కువే. కాని ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు తలసీమియా పెద్ద జబ్బుగా వస్తుంది. అలాంటి బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తూ ఉండాలి, బతికినన్నాళ్ళు. నా వంటి వాహకుడికీ ఆ కుర్రవాడి వంటి సికిల్ అక్షరం ఉన్నవారికీ బిడ్డ పుట్టినా అంతే, నాలుగింట ఒక వంతు ఆ రెండు తప్పులూ కలిసి జబ్బు రావచ్చు. కొండా మైదానం అని జన్యువుకు తేడా తెలియదు.

చివరకు పిల్లే వెళ్ళి పరీక్ష చేయించుకుంది, నాయనమ్మకు చెప్పకుండా. ఆ పిల్లకు లేదు. మొన్న వైశాఖంలో పెళ్ళి అయింది, మీలో చాలామంది వచ్చి అక్షింతలు వేశారు. వాళ్ళ పిల్లల్లో సగం మంది నాలాగా వాహకులు కావచ్చు, పెద్ద జబ్బు మాత్రం రాదు. ఇది ఈ ఒక్క తప్పు సంగతే. మేనరికంలో కలిసిరాగల వేరే తప్పులు వేరే ఉన్నాయని డాక్టరు మాకు ముందే చెప్పాడు. అక్కయ్య తానూ పరీక్ష చేయించుకుంటానంటోంది, రోగం లేదని నాకు నిరూపించడానికట.

ఒక పక్క మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. డి.ఎన్.ఎ.లో టి అక్షరం రాయడానికి కణానికి ఆ విటమిన్ కావాలి. కొడవలి కణాలు పది ఇరవై రోజుల్లో చచ్చిపోతాయి, మామూలువి 120 రోజులు ఉంటాయి. కొత్తవి తొందర తొందరగా కట్టాలి కనుక శిబిరంలో ఆ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. దానితో పాటు హైడ్రాక్సీయూరియా అనే మందు వాడితే నొప్పులు బాగా తగ్గుతాయి. అక్షరాలను దిద్దే కత్తెర వైద్యం కూడా వచ్చింది. 2023 చివరలో ఇంగ్లండు, అమెరికాలు ఒకదాన్ని అనుమతించాయి. చిత్రమేమిటంటే అది తప్పు అక్షరాన్ని దిద్దదు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడుకుని మూసేసిన పాత హిమోగ్లోబిన్ షాపును మళ్ళీ తెరిపిస్తుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన పెన్షన్ కమ్యుటేషన్ ఎన్నిసార్లు చేయించుకోవాలో లెక్క కట్టకండి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. రక్తపరీక్ష పేరు, అందులో చూడవలసిన అంకె ఒక కాగితం మీద రాసి నలభై జిరాక్సు కాపీలు తెచ్చాను. వాకిలి పక్కన లైఫ్ సర్టిఫికెట్ల బల్ల మీద పెట్టాను. ఇళ్ళలో పెళ్ళికి ఎదిగిన పిల్లలున్నవారు, అందులోనూ మేనరికం అనుకుంటున్నవారు, టీ తాగి వెళ్ళేటప్పుడు ఒకటి తీసుకోండి. మా అక్కయ్య కూడా మూడో వరసలో కూర్చుని ఉంది. ఆవిడకు ఒకటి ఎవరైనా అందించగలరు, నేనిస్తే తీసుకోదు.